సంబంధం ఉందన్నారు - ఏం సంబంధం?

(ఒక పూర్వ విద్యార్థి, 2001-04 బ్యాచ్)

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్లు ఫోన్ చేసినప్పుడు హాస్టల్ జ్ఞాపకాలు రాద్దామనే కూర్చున్నాను. పప్పుచారు, ట్రంకు పెట్టెలు, బోరు దగ్గర బకెట్ల వరుస, కాస్మెటిక్ చార్జీల కోసం ఎదురుచూపులు... ఇవన్నీ ప్రతి ఏడూ ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. నాకంటే బాగా రాస్తున్నారు కూడా. నాకు మాత్రం ఇరవై ఏళ్లకు పైగా బాకీ పడిన ఒక ప్రశ్న ఉంది. ఇదే హాస్టల్‌లో, ఇదే వేదిక మీద నన్ను ఒకరు అడిగిన ప్రశ్న. ఆ రోజు దానికి జవాబు చెప్పకుండానే ఫస్ట్ ప్రైజ్ తీసుకున్నాను. ఆ బాకీ ఇప్పుడు తీరుస్తాను.

అది 2003 మార్చి. 20వ తేదీన అమెరికా ఇరాక్‌పై యుద్ధం మొదలుపెట్టింది. 23వ తేదీ ఆదివారం జోహాన్నెస్‌బర్గ్‌లో వరల్డ్ కప్ ఫైనల్. మన టీవీ గదిలో కాలు పెట్టడానికి చోటు లేదు. ఆస్ట్రేలియా 359 పరుగులు కొట్టి, మనల్ని 125 పరుగుల తేడాతో ఓడించింది. మ్యాచ్ అయిపోయాక కోపం ఎవరి మీద తీర్చుకోవాలో తెలియక చానల్ మార్చితే బాగ్దాద్ మీద బాంబులు పడుతున్నాయి. ఆ రాత్రి క్రికెట్ గురించి మొదలైన గొడవ యుద్ధం గురించి తేలింది. మా చిన్నాయన అప్పుడు కువైట్‌లో ఉన్నాడు. ఆయన ఎలా ఉన్నాడో తెలియక మా నాయనమ్మ రోజూ ఎస్‌టీడీ బూత్ దగ్గర కూర్చునేది. కాబట్టి నాకు ఆ యుద్ధం టీవీలో బొమ్మ మాత్రమే కాదు.

ఆ వారంలోనే హాస్టల్ డే. వక్తృత్వ పోటీకి 'ఇరాక్‌పై యుద్ధం న్యాయమా?' అన్న అంశం పెట్టారు. నేను 'అన్యాయం' అని మాట్లాడాను. చమురు కోసమే ఈ యుద్ధమన్నాను, అగ్రరాజ్య అహంకారమన్నాను, పిడికిలి బిగించి బల్ల గుద్దాను. చప్పట్లే చప్పట్లు. నాకు ఎదురుగా బీఎస్సీ ఫైనలియర్ చదివే ఒక అన్న మాట్లాడాడు. అందరం లెక్కల అన్న అని పిలిచేవాళ్లం. ఆయన గొంతు పెంచలేదు. నా వైపు తిరిగి ఒక్కటే అడిగాడు. "అక్కడ మూడు వేల మందిని చంపిండ్రు. చంపినోన్ని పట్టుకుంటే సరిపోదు, వెనకుండి చేయించినోన్ని పట్టుకోవాలె. సద్దాంకు అల్ ఖైదాతోని సంబంధం ఉన్నదని ఐక్యరాజ్యసమితిల ఫొటోలు పెట్టి చూపిచ్చిండ్రు. లేదని నువ్వెట్ల చెప్తవ్ తమ్మీ?"

"అమెరికా చెప్పేదంతా అబద్ధం" అన్నాను. మళ్లీ చప్పట్లు. స్టీలు టిఫిన్ డబ్బా నాకే వచ్చింది.

నిజం చెప్పాలంటే ఆ రోజు నాకేమీ తెలియదు. ఆ అన్నకూ తెలియదు. కానీ ఆయన అడిగింది అడగాల్సిన ప్రశ్న. ఒక ప్రభుత్వానికి ఒక ఉగ్రవాద సంస్థతో సంబంధం ఉందంటే, నిజంగా ఉంటే, అది చిన్న విషయం కాదు. చమురు చమురు అని అరిస్తే ఆ ప్రశ్నకు జవాబు రాదు. మరి జవాబేమిటి? తర్వాతి సంవత్సరాల్లో అమెరికా వాళ్లే, వాళ్ల కమిషన్లే, వాళ్ల సెనెటే తవ్వి తీసి బయటపెట్టిన విషయాలు ఉన్నాయి. వాటిని ఉన్నవి ఉన్నట్టు మీ ముందు పెడతాను.

2001 సెప్టెంబరు 11న విమానాలను హైజాక్ చేసినవాళ్లు 19 మంది. వారిలో 15 మంది సౌదీ అరేబియా వాళ్లు. ఇరాకీ ఒక్కడు కూడా లేడు. ఈ ఒక్క ముక్క ఆ రోజు తెలిసి ఉంటే నాకు ఇంకో రెండు నిమిషాలు చప్పట్లు పడేవి. అయినా ఇది పూర్తి జవాబు కాదు. మనుషులు ఇరాకీలు కాకపోయినా ఇరాక్ వాళ్లకు డబ్బు ఇచ్చి ఉండవచ్చు, శిక్షణ ఇచ్చి ఉండవచ్చు, దాక్కోవడానికి చోటు ఇచ్చి ఉండవచ్చు. లెక్కల అన్న కచ్చితంగా ఇదే అనేవాడు. కాబట్టి ఇంకా లోపలికి పోవాలి.

మొదటి ఆధారం ప్రేగ్ నుంచి వచ్చింది. హైజాకర్ల నాయకుడు మహమ్మద్ అటా 2001 ఏప్రిల్‌లో చెక్ రాజధాని ప్రేగ్‌లో ఒక ఇరాకీ గూఢచారి అధికారిని కలిశాడని అక్కడి అధికారులు ప్రకటించారు. 2001 డిసెంబరు 9న అమెరికా ఉపాధ్యక్షుడు డిక్ చెనీ టీవీలో కూర్చుని ఈ సంగతి దాదాపుగా ధ్రువపడిందని చెప్పాడు. ప్రపంచమంతా పేపర్లకు ఎక్కింది. దీనికి మూలం ఏమిటని చూస్తే ఒకే ఒక్క ఇన్‌ఫార్మర్. అతను కూడా దాడుల తర్వాత పేపర్లలో, టీవీల్లో అటా ఫొటో చూశాక, అప్పుడు చూసింది ఇతన్నే అన్నవాడు. 2004 జులైలో నివేదిక ఇచ్చిన సెప్టెంబర్ 11 కమిషన్ దీన్ని పరిశీలించింది. ఏప్రిల్ 4న అటా అమెరికాలోని వర్జీనియా బీచ్‌లో ఉన్నట్టు బ్యాంకు కెమెరా బొమ్మ ఉంది. ఆ తర్వాత అతని సెల్ ఫోన్ నుంచి ఫ్లోరిడాలో కాల్స్ పోయాయి, సమావేశం జరిగిందన్న 9వ తేదీన కూడా. ఫోన్ ఇంకెవరైనా వాడి ఉండవచ్చు కదా అన్న అనుమానాన్ని కూడా కమిషన్ దాచలేదు. జరగనే లేదని నూటికి నూరుపాళ్లు చెప్పలేమని, కానీ దొరికిన ఆధారాలేవీ జరిగిందని చెప్పడం లేదని రాసింది. నాకు ఆ వాక్యం బాగా నచ్చింది. తెలిసినంత వరకే చెప్పడం అంటే అది. చెనీ మాత్రం 2004 జూన్‌లో, ధ్రువపడిందని తాను అననే లేదన్నాడు. పాత టేపు ఉండనే ఉంది!

రెండో ఆధారం చదివిన రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు. అందుకే దాని గురించి కొంచెం ఎక్కువ రాస్తాను.

ఇబ్న్ అల్ షేక్ అల్ లిబీ అనే లిబియా దేశస్తుడు ఉండేవాడు. అఫ్ఘానిస్తాన్‌లో శిక్షణ శిబిరం నడిపినవాడు. 2001 చివర్లో దొరికాడు. సీఐఏ అతన్ని ఈజిప్టుకు పంపింది. ఎందుకు పంపిందో వివరించనక్కరలేదు, మన దగ్గర కూడా కొన్ని స్టేషన్ల పేరు చెబితే జనానికి అర్థమవుతుంది. అక్కడ విచారణాధికారులు అల్ ఖైదాకు, ఇరాక్‌కు సంబంధం గురించి చెప్పమన్నారు. తనకు ఏమీ తెలియదని, అల్లి చెప్పడానికి కూడా కథ తోచలేదని అతను తర్వాత సీఐఏకు చెప్పుకున్నాడు. అప్పుడు అతన్ని పొడవు, వెడల్పు చెరి అర మీటరు మాత్రమే ఉన్న పెట్టెలో దాదాపు 17 గంటలు కుక్కి ఉంచారట. తమ్ముళ్లారా, మీ మంచం కింద ఉన్న ట్రంకు పెట్టె ఒకసారి చూసుకోండి. అంత కూడా లేదు. బయటికి తీసి కొట్టాక అతనికి కథ తోచింది. ఇరాక్ అల్ ఖైదా వాళ్లకు బాంబులు, విషవాయువుల తయారీలో శిక్షణ ఇచ్చిందన్న మాట అలా పుట్టింది. ఇవన్నీ 2006 సెప్టెంబరులో అమెరికా సెనెట్ ఇంటెలిజెన్స్ కమిటీ విడుదల చేసిన నివేదికలో ఉన్నాయి.

ఆ మాట ఎక్కడెక్కడ తిరిగిందో చూడండి. 2002 అక్టోబరు 7న అధ్యక్షుడు బుష్ సిన్సినాటి నగరంలో చేసిన ప్రసంగంలో, ఇరాక్ అల్ ఖైదాకు శిక్షణ ఇచ్చిన సంగతి మాకు తెలిసిందన్నాడు. మరో మూడు నాలుగు రోజులకే యుద్ధానికి అధికారమిచ్చే తీర్మానం దిగువ సభలో 296-133 ఓట్లతో, సెనెట్‌లో 77-23 ఓట్లతో గట్టెక్కింది. 2003 ఫిబ్రవరి 5న విదేశాంగ మంత్రి కోలిన్ పావెల్ భద్రతా మండలిలో అదే కథను, ఒక సీనియర్ ఉగ్రవాది చెప్పిన మాటగా, పేరు చెప్పకుండా వినిపించాడు. లెక్కల అన్న నన్ను అడిగిన ఐక్యరాజ్యసమితి ప్రసంగం అదే. ఫొటోలు చూపించిన మాట నిజమే. ఆ మాట వెనక ఉన్న పెట్టె ఫొటో మాత్రం ఎవరూ చూపించలేదు.

పోనీ, ఇది అబద్ధమని వాళ్లకు తెలియదేమో అనుకుందామా? 2002 ఫిబ్రవరిలోనే, అంటే యుద్ధానికి ఏడాది ముందే, అమెరికా సైన్యానికి చెందిన డిఫెన్స్ ఇంటెలిజెన్స్ ఏజెన్సీ ఇతని మాటలు నమ్మదగినవి కావని, కావాలనే తప్పుదోవ పట్టిస్తూ ఉండవచ్చని రాసి పెట్టింది. సద్దాం మతవాద ఉద్యమాలంటే అనుమానంతో ఉండేవాడని, తన అదుపులో ఉండని సంస్థకు సాయం చేయడం అనుమానమేనని కూడా రాసింది. ఆ కాగితం బీరువాలో ఉండిపోయింది. 2004 మొదట్లో అల్ లిబీ తన మాటలు వెనక్కి తీసుకున్నాడు. సీఐఏ కూడా ఆ సమాచారాన్ని వెనక్కి తీసుకుంది. అప్పటికి బాగ్దాద్ కూలిపోయి సుమారు ఏడాది. 2009లో అల్ లిబీ లిబియా జైలులో చనిపోయాడు. పావెల్ 2005లో ఒక టీవీ ఇంటర్వ్యూలో, ఆ ప్రసంగం తన జీవితానికి ఒక మచ్చ అని ఒప్పుకున్నాడు. కనీసం ఆయన ఒప్పుకున్నాడు.

మూడోది జర్ఖావీ. జోర్డాన్‌కు చెందిన అబూ ముసబ్ అల్ జర్ఖావీ 2002లో వైద్యం కోసం బాగ్దాద్ వచ్చాడని, అతని మనుషుల శిబిరం ఇరాక్‌లో ఉందని పావెల్ చెప్పాడు. రెండూ మరీ గాలి మాటలు కావు. జర్ఖావీ ఇరాక్‌లో తిరిగాడు. కానీ ఆ శిబిరం ఉన్నది ఉత్తరాన కుర్దుల కొండల్లో. 1991 యుద్ధం తర్వాత ఆ ప్రాంతం సద్దాం అదుపులోనే లేదు, పైన అమెరికా, బ్రిటన్ విమానాలు కాపలా కాసేవి. ఇక బాగ్దాద్ సంగతి. సద్దాం ప్రభుత్వం జర్ఖావీకి ఆశ్రయం ఇవ్వకపోగా అతన్ని పట్టుకోవాలని వెతికి విఫలమైందని సెనెట్ కమిటీ తేల్చింది. మన ఊరి పొలిమేరలో దొంగలు దాక్కున్నారంటే ఊరంతా దొంగలకు అన్నం పెట్టినట్టేనా?

ఇక అసలు సిసలు కలయికల విషయానికి వద్దాం. ఎందుకంటే 'ఏ సంబంధమూ లేదు, ఎవరూ ఎవర్నీ కలవలేదు' అని నాలాంటివాళ్లు అప్పుడు అన్నది కూడా తప్పే. కలిశారు. 1990లలో ఒసామా బిన్ లాడెన్ సూడాన్‌లో ఉన్నప్పుడు ఇరాకీ గూఢచారి అధికారి అతన్ని కలిశాడు. శిబిరాలకు స్థలం, ఆయుధాలు సమకూర్చుకోవడంలో సాయం కావాలని బిన్ లాడెన్ అడిగాడు. ఇరాక్ దానికి స్పందించినట్టు ఆధారం లేదని కమిషన్ రాసింది. తర్వాత కూడా కొన్ని కలయికలు జరిగినట్టు సమాచారం ఉంది గానీ, ఇద్దరూ కలిసి పనిచేసే సంబంధంగా అది మారినట్టు కనబడలేదని తేల్చింది.

మన భాషలో 'సంబంధం' అన్న మాటకు ఒక సుఖం ఉంది. పెళ్లి సంబంధం అని కూడా అంటాం. పెళ్లిచూపులకు వచ్చారు, కాఫీ తాగారు, కట్నం సంగతి అడిగారు, మళ్లీ కబురు చేస్తామని వెళ్లిపోయారు. కబురు రాలేదు. ఇప్పుడు ఆ రెండు కుటుంబాలూ వియ్యంకులా? ఇంటికి వచ్చిన మాట నిజం, కాఫీ తాగిన మాట నిజం. పందిరి మాత్రం పడలేదు. బుష్ ప్రభుత్వం చేసిందేమంటే కాఫీ కప్పులు చూపించి పెళ్లయిందని ఊరంతా చాటింపు వేయించడం. 2004 జూన్‌లో కమిషన్ ప్రాథమిక నివేదిక వచ్చినప్పుడు విలేకరులు బుష్‌నే నిలదీశారు. సంబంధం ఉందని నేను ఎందుకు అంటున్నానంటే సంబంధం ఉంది కాబట్టే అన్న అర్థం వచ్చేలా ఆయన జవాబు చెప్పాడు! ఇలాంటి జవాబు మన వక్తృత్వ పోటీలో చెబితే మూడో బహుమతి కూడా రాదు.

నిజమైన సంబంధం ఎలా ఉంటుందో చూడాలంటే అఫ్ఘానిస్తాన్‌ను చూడాలి. తాలిబన్ ప్రభుత్వం అల్ ఖైదాకు నేల ఇచ్చింది, శిబిరాలు నడుపుకోనిచ్చింది, 2001లో బిన్ లాడెన్‌ను అప్పగించమంటే ఇవ్వలేదు. అక్కడ రహస్య ఇన్‌ఫార్మర్ అవసరం రాలేదు, ఎవరినీ పెట్టెలో కుక్కే పని పడలేదు. సద్దాం, బిన్ లాడెన్‌ల మధ్య ఉన్నది దానికి పూర్తి విరుద్ధం. 1990లో సద్దాం కువైట్‌ను ఆక్రమించినప్పుడు, సౌదీని కాపాడడానికి నా మనుషులతో నేను పోరాడతానని ముందుకు వచ్చినవాడు బిన్ లాడెన్. సౌదీ రాజులు అతన్ని కాదని అమెరికా సైన్యాన్ని పిలిచారు, అతని కోపం అక్కడి నుంచి ముదిరింది. సద్దాం బాత్ పార్టీ వాళ్లు అతని దృష్టిలో మతం విడిచిన సోషలిస్టులు.

ఈ కలయికకూ కుట్రకూ మధ్య తేడా మన పల్లెల్లో వాళ్లకు వేరే ఎవరూ నేర్పనక్కరలేదు. ఇది చదువుతున్న అన్నలు చాలామందికి గుర్తుంటుంది. రాత్రి దళం వచ్చి అన్నం పెట్టమంటే పెట్టకుండా ఉండగలమా? తెల్లవారితే పోలీసులు వచ్చి ఎందుకు పెట్టావని అడిగేవారు. పేపర్లో ఒక్క లైను వచ్చేది, 'నక్సలైట్లతో సంబంధాలున్నాయన్న ఆరోపణపై' అని. ఆ లైనులో అన్నం పెట్టినవాడు, భయపడి పెట్టినవాడు, ఇష్టంతో పెట్టినవాడు, తుపాకి పట్టినవాడు అందరూ ఒకటే. ఆ లైను మన వాడల్లో ఎన్ని ఇళ్లు కూల్చిందో లెక్క ఎవరు రాశారు?

మన వాడల సంగతి ఎత్తాను కాబట్టి నా సంగతి కూడా చెప్పుకోవాలి. ఇది రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను.

అదే సంవత్సరం మా రూంలో ఒక తమ్ముడి ట్రంకు పెట్టె తాళం పగిలింది. స్కాలర్‌షిప్ డబ్బులు తొమ్మిది వందలు పోయాయి. సార్ వరకు పోకుండా మేమే, సీనియర్లమే, పంచాయితీ పెట్టాము. ఇంటర్ చదివే ఒక కుర్రాడి మీద అనుమానం వచ్చింది. బస్టాండు దగ్గర సైకిల్ షాపులో పనిచేసే ఒకతను అంతకుముందు దొంగతనం కేసులో పట్టుబడ్డాడు. 'వీణ్ణి వానితోని చూసినోళ్లు ఎవరన్న ఉన్నరా?' అని అడిగారు. నేను చెయ్యి ఎత్తాను. ఇద్దరూ కలిసి టీ తాగుతుంటే చూశానని చెప్పాను. ఇంకొకరు స్టడీ అవర్‌లో వాడు మా వరండాలో కనబడ్డాడన్నారు. ఎవరం అబద్ధం చెప్పలేదు. నేను చూశాను, చూసిందే చెప్పాను. ఆ కుర్రాడు ఏడుస్తూ ఏదో చెప్పబోయాడు గానీ ఎవరం వినలేదు. మర్నాడు పొద్దున ఉప్మా కూడా తినకుండా పెట్టె ఎత్తుకుని ఊరికి పోయాడు. పరీక్షలు రాయలేదు. ఎండాకాలం సెలవుల తర్వాత తెలిసింది, డబ్బులు తీసింది ఇంకొకరని. ఆ కుర్రాడు సైకిల్ పంక్చర్లకు అరువు పడ్డాడట. ఆ రోజు టీ తాగుతూ గడువు అడుగుతున్నాడట. వాళ్లిద్దరి మధ్య సంబంధం అదీ.

మేము ఒక్క ప్రశ్న వేసి ఉంటే సరిపోయేది, 'ఆయనతోని నీకేం పని?' అని.

అమెరికాలో కూడా ఆ ప్రశ్న వేసినవాళ్లు లేకపోలేదు. నైట్ రిడ్డర్ వార్తా సంస్థ విలేకరులు మొదటి నుంచి కింది స్థాయి అధికారులను కలిసి, ఈ ఆధారాలు బలహీనమని రాస్తూనే వచ్చారు. పెద్ద పత్రికలు వినలేదు. న్యూయార్క్ టైమ్స్ 2004 మే నెలలో, ఇరాక్ విషయంలో తమ వార్తలు తగినంత నిగ్గు తేల్చకుండా పోయాయని పాఠకుల ముందు ఒప్పుకుంది. అయితే అసలు పని జరిగిపోయింది. 2003 ఆగస్టులో వాషింగ్టన్ పోస్ట్ జరిపిన సర్వేలో, సెప్టెంబర్ 11 దాడుల్లో సద్దాం స్వయంగా పాలుపంచుకుని ఉండవచ్చని 69 శాతం మంది అమెరికన్లు నమ్మారు. సద్దాం ఈ దాడి చేయించాడని బుష్ సూటిగా చెప్పినవాడు కాదు. ఒక వాక్యంలో సెప్టెంబర్ 11, పక్క వాక్యంలో సద్దాం, మళ్లీ సెప్టెంబర్ 11, మళ్లీ సద్దాం. రెండింటినీ ముడివేసే పని వినేవాడికే వదిలేశారు. 2003 సెప్టెంబరు 17న, సద్దాంకు ఆ దాడులతో ప్రమేయం ఉన్నట్టు మా దగ్గర ఆధారం లేదని బుష్ తానే చెప్పాడు. అప్పటికి యుద్ధం మొదలై ఆరు నెలలు.

మన దేశం సంగతి కూడా ఒక మాట. 2003 ఏప్రిల్ 8న లోక్‌సభ ఈ యుద్ధాన్ని నిరసిస్తూ తీర్మానం చేసింది. ఆ మర్నాడే బాగ్దాద్ పడిపోయింది. తర్వాత అమెరికా మన సైనికులను ఇరాక్ పంపమని అడిగితే జులై 14న వాజపేయి ప్రభుత్వం కుదరదని చెప్పింది. పంపి ఉంటే మన ఊళ్ల నుంచి సైన్యంలో చేరిన పిల్లలు ఎంతమంది అక్కడికి పోయేవారో.

ఇంతా చెప్పి సద్దాంను సాధువును చేయబోవడం లేదు. నేను పోటీలో మాట్లాడిన రోజు ఆ తప్పు కూడా చేశాను, ఆయన్ని సామ్రాజ్యవాదాన్ని ఎదిరించిన వీరుడన్నాను. 1988లో హలబ్జా పట్టణంలో విషవాయువు వదిలి సుమారు 5,000 మంది కుర్దులను చంపించిన ప్రభుత్వం అది. ఉగ్రవాదులతో కూడా సంబంధాలు లేకపోలేదు, అల్ ఖైదాతో కాదు, వేరేవాళ్లతో. అబూ నిదాల్ అనే పేరుమోసిన ఉగ్రవాది బాగ్దాద్‌లోనే ఉండి 2002లో అక్కడే చచ్చాడు. ఇజ్రాయెల్‌లో ఆత్మాహుతి దాడులు చేసిన పాలస్తీనీయుల కుటుంబాలకు సద్దాం 25,000 డాలర్ల చొప్పున పంపించాడు. యుద్ధం తర్వాత చేజిక్కిన ఆరు లక్షలకు పైగా పత్రాలను అమెరికా రక్షణ శాఖ కోసం పరిశోధకులు జల్లెడ పట్టారు. 2008లో బయటికి వచ్చిన ఆ నివేదిక, అల్ ఖైదాతో నేరుగా కలిసి పనిచేసినట్టు ఆధారం దొరకలేదని చెబుతూనే, మరెన్నో ఉగ్రవాద ముఠాలకు సద్దాం సాయం చేశాడని వివరంగా రాసింది. యుద్ధాన్ని సమర్థించేవాళ్లు రెండో సగమే చదువుతారు, వ్యతిరేకించేవాళ్లు మొదటి సగమే చదువుతారు. నేనూ చాలాకాలం మొదటి సగం దగ్గరే ఆగాను.

యుద్ధం ఏం మిగిల్చిందో అందరికీ తెలిసిందే కాబట్టి ఎక్కువ రాయను. రసాయన, జీవ, అణు ఆయుధాల నిల్వలేవీ దొరకలేదు. అమెరికా సైనికులు సుమారు 4,500 మంది చనిపోయారు. ఇరాక్‌లో హింసకు బలైన సామాన్య జనం, నమోదైన లెక్కల ప్రకారమే, 1,80,000 దాటారు. ఒక్క విషయం మాత్రం చెప్పి తీరాలి. లేదని తేలిన ఆ సంబంధం యుద్ధం తర్వాత నిజంగానే పుట్టింది! అంతవరకు బిన్ లాడెన్ కింద లేని జర్ఖావీ 2004 అక్టోబరులో అతనికి విధేయత ప్రకటించాడు. ఇరాక్ అల్ ఖైదా తయారైంది. 2003 మే నెలలో అమెరికా పాలనాధికారి ఒక్క ఉత్తర్వుతో సద్దాం సైన్యాన్ని రద్దు చేశాడు. జీతం పోయి, పరువు పోయి, చేతిలో విద్య మాత్రం మిగిలిన అధికారుల్లో కొందరు చివరికి వాళ్లతో చేరారు. 2006లో జర్ఖావీ బాంబు దాడిలో చచ్చాడు గానీ అతను పెట్టిన సంస్థే పేరు మార్చుకుని 2014 జూన్‌లో ఐసిస్‌గా మోసుల్ నగరాన్ని పట్టుకుంది. పెళ్లిచూపుల్లో కుదరని సంబంధాన్ని పెద్దాయన దగ్గరుండి జరిపించాడన్న మాట.

ఈ వ్యాసం రాసే ముందు లెక్కల అన్న నంబరు వెతికి పట్టుకుని ఫోన్ చేశాను. ఇప్పుడు జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల సారే. పెట్టె సంగతి, ఏప్రిల్ 9 సంగతి, ఆరు లక్షల పత్రాల సంగతి అన్నీ చెప్పాను. ఓపికగా విన్నాడు. "సరే తమ్మీ, సంబంధం లేదని ఒప్పుకుంట. ఇరవై ఏండ్లయినా జవాబు తెచ్చినవ్. మరి హలబ్జల సచ్చినోళ్ల సంగతేంది? సంబంధం లేకున్నా సద్దాం పోవుడు మంచిదే కాదా?" అన్నాడు. అది వేరే ప్రశ్న అన్నా, దానికి వేరే పోటీ పెట్టాలె, ఆ ప్రశ్న అడిగి యుద్ధానికి పోలేదు కదా అన్నాను. ఆయన నవ్వి, "వార్షికోత్సవం ఎన్నడు? నేనొస్త. ఈసారి ఆ టిఫిన్ డబ్బ నాకియ్యాలె" అన్నాడు.

డబ్బా ఇంకా మా ఇంట్లోనే ఉంది. తెస్తాను.